ఈస్టర్ అయిపోగానే మనసు ఎందుకిలా చప్పబడిపోతుంది?

దేవరకొండ_రాణి
పండుగ అయి రెండో ఆదివారం కూడా గడిచింది. నాకు బైబిలు తెరవబుద్ధి కావడం లేదు. శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల లెంట్‌లో, తెల్లవారుజామున అయిదింటికల్లా మందిరంలో ఉండేదాన్ని. శుక్రవారాలు ఉపవాసం. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో స్త్రీల సమాజం తరఫున అయిదో మాట నేనే చెప్పాను. ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల తోటకు వెళ్లి, మా అత్తమ్మ సమాధి మీద కొవ్వొత్తి పెట్టి పాడుతుంటే ఒళ్లు పులకరించింది. ఆ పొద్దున ఎవరైనా అడిగి ఉంటే, జీవితాంతం ఇలాగే ఉంటానని మాట ఇచ్చేసేదాన్ని.

సోమవారం లేచేసరికి అంతా ఖాళీ. అలారం ఇప్పటికీ నాలుగున్నరకు మోగుతోంది, కట్టేసి పడుకుంటున్నాను. మా ఆయన "పండుగ అయిపోయింది కదా, ఇంకా ఏమిటి" అంటారు. ఆ మాటకు కోపం రావడం లేదు, అదే నిజమేమో అని భయమేస్తోంది. నలభై రోజుల భక్తీ మైకు, జనం, పాటల వల్ల వచ్చిందేనా? పండుగ తర్వాత మీరంతా ఎలా నిలబడుతున్నారు? వాక్యం చదువుకో, ప్రార్థన చేసుకో అని మాత్రం చెప్పకండి. ఆ రెండూ జరగడం లేదనే అడుగుతున్నాను.

వెనక_వరుస_బేస్
అయిదో మాట దాహం గురించే కదా అక్కా! చెప్పి నెల కాకముందే దాహం లేదంటే ఎలా?

సరదాకి అన్నాను. మా గాయక బృందం పరిస్థితి ఇంకా ఘోరం. పండుగ పాటలకు రాత్రుళ్లు కూర్చుని సాధన చేశాం. మరుసటి ఆదివారం చూస్తే నేను, కీబోర్డు అబ్బాయి, ఇంకొక పెద్దాయన. ఆ పెద్దాయన కూడా ఈస్టర్ నాడు మరిచిపోయిన కళ్లజోడు కోసం వచ్చారు.

పంతులు_విశ్రాంతి
రాణి గారూ, మొదటి రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చూడండి. (చదవమంటున్నందుకు మన్నించాలి.) 18లో కర్మెలు కొండ మీద అగ్ని దిగుతుంది, వాన కురుస్తుంది, ఏలీయా ప్రవక్త అహాబు రాజు రథం కన్నా ముందు యెజ్రెయేలు దాకా పరుగెడతాడు. 19లో అదే మనిషి బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునంటాడు. అప్పుడు దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు, మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు ప్రయాణం ఆ తర్వాతి సంగతి.

నలభై రోజులు నాలుగున్నరకు లేచి, ఇంటి చాకిరీ చేసుకుని, శుక్రవారాలు పస్తులుండి, ఎండాకాలం మొదట్లో మూడు గంటలు కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు అలసిపోదా? దాన్ని పాపాల ఖాతాలో ఎందుకు రాసుకుంటారు? ముందు ఆ అలారం తీసేసి నాలుగు రోజులు నిద్రపోండి.

ప్రతి_ఆదివారం
అసలు చిక్కు పండుగలోనే ఉంది. లెంట్ పాటించమని, ఈస్టర్ చేయమని వాక్యంలో ఎక్కడుంది? ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే. ఏడాదికి ఒకసారి పొంగిపోయి, తర్వాత చల్లారిపోయామని ఏడవడం దేనికి? మా సంఘంలో పండుగలూ లేవు, ఈ బాధా లేదు.

వెనక_వరుస_బేస్
మీ సంఘంలో ఏటా మూడు రోజుల ఉజ్జీవ సభలు పెడతారు కదా అన్నా? నాలుగో రోజు ఎలా ఉంటుంది?

ప్రతి_ఆదివారం
నాలుగో రోజు కుర్చీలు లెక్కపెట్టి టెంటువాళ్లకు అప్పగిస్తాం. సరే, కొంత నీరసం ఉంటుంది. అంతమాత్రాన సూత్రం మారదు.

పాస్కా_వత్తి
ఈస్టర్ అయిపోయిందని ఎవరన్నారు? మా కతోలిక క్రమంలో ఇప్పుడే మొదలైంది. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) దాకా యాభై రోజులూ ఒకే పండుగ. శనివారం రాత్రి జాగరణలో వెలిగించిన పాస్కా కొవ్వొత్తి పెంతెకొస్తు దాకా పీఠం దగ్గరే ఉంటుంది, ప్రతి పూజకూ వెలిగిస్తారు. 325లో సంఘ పెద్దలు జరిపిన నీకయ మహాసభ 20వ నియమం ఏమిటో తెలుసా? ఆదివారాల్లోనూ ఈ యాభై రోజుల్లోనూ మోకరించకూడదు, నిలబడే ప్రార్థించాలి అని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకన్నా మంచి నియమం లేదు.

ఇంకొక సంగతి. పూర్వం ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందినవాళ్లు ఎనిమిది రోజులు తెల్లబట్టల్లోనే గుడికి వచ్చేవారు. నాలుగో శతాబ్దంలో మిలాను ఆంబ్రోసు వంటి మేత్రాణులు (బిషప్పులు) ఆ వారంలోనే వాళ్లను కూర్చోబెట్టి, మీరు పొందినదాని అర్థం ఇదీ అని విడమరచి చెప్పేవారు. అసలు పాఠం పండుగ తర్వాతి వారంలో ఉండేదన్నమాట. మన దగ్గర నలభై రోజుల శోకానికి పట్టిక వేస్తాం, యాభై రోజుల సంతోషానికి ఏమీ వేయం. మాకైతే మే నెల మరియమాత నెల కాబట్టి, సాయంత్రాలు వీధిలో ఒక్కో ఇంట జపమాల ఉంటుంది. అందుకని మా విచారణలో (మా చర్చి పరిధిలో) మరీ ఇంత ఖాళీ అనిపించదు.

ప్రతి_ఆదివారం
జపమాల సంగతి ఇక్కడ ఎత్తకండి.

పాస్కా_వత్తి
ఒకరి ఇంటికి ఒకరం వెళ్తామని చెప్పాను బ్రదర్, మిమ్మల్ని రమ్మనలేదు.

నిర్వాహకుడు
ఆ చర్చకు వేరే అంశం తెరిచి ఉంది. అక్కడ నాలుగేళ్లుగా ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఇక్కడ వద్దు.

దేవరకొండ_రాణి
మాది ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరన్) సంఘం. మా దగ్గర ఆరోహణం నాడు, అంటే యేసు పరలోకానికి ఎక్కిపోయిన రోజున, ఆరాధనే ఉండదు. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా క్యాలెండరు ఖాళీ, ఎండాకాలం సెలవుల్లో పిల్లల వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) తప్ప. పంతులు గారూ, మీరు చెప్పినట్టే అలారం తీసేశాను. నిద్ర పట్టింది. మనసు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆదివారం_క్రికెట్
నాకైతే ఏ బాధా లేదు. ఈస్టర్‌కు వెళ్తాను, బిర్యానీ తింటాను, మళ్లీ క్రిస్మస్‌కు వెళ్తాను. దేవుడు హాజరు పట్టీ పట్టుకుని కూర్చుంటాడా?

వెనక_వరుస_బేస్
ప్రభువు లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాకు అవిశ్వాసి అని పేరు పెట్టాం కానీ, శిష్యులు కూడిన ఇంటికి రెండో ఆదివారానికి అతనే వచ్చాడు తమ్ముడూ.

ఆదివారం_క్రికెట్
ఆ ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నారు, బయట గ్రౌండు లేదు. పోలిక కుదరదు అన్నా.

పాస్టరమ్మ_వనపర్తి
పండుగ తర్వాత పాస్టరు ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ చూడరు కాబట్టి చెబుతున్నాను. ఈస్టర్ సోమవారం మా అయ్యగారు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు, గొంతు పూర్తిగా పోయింది. వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరివో స్టీలు గిన్నెలు, ఒక జత చిన్నపిల్లల చెప్పులు, సగం కాలిన కొవ్వొత్తుల సంచి. టెంటు బిల్లు మాత్రం ఎనిమిదింటికే వచ్చింది. ఆ వారమంతా మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి లైటు ఆర్పడమే. ఇదే పనిగా బతికేవాళ్లకే అలా ఉంటే, నువ్వు కంగారు పడాల్సిన పని లేదు రాణీ.

అయితే పంతులు గారి మాట నేను సగమే ఒప్పుకుంటాను. అలసట ఒక్కటే అయితే నిద్రతో పోవాలి కదా. మా దగ్గర తెల్లవారుజాము ప్రార్థనలకు ఇళ్ల వారీగా వంతులు వేసి, కాగితం మందిరం గోడకు అంటిస్తాం. వంతు వచ్చిన ఇల్లు పాట ఎత్తాలి, వాక్యం చదవాలి, చివర అందరికీ టీ పోయాలి. వాళ్లు ముందురోజు సాయంత్రమే పాలు తెచ్చి పెట్టుకుంటారు. వంతు లేనివాళ్లు ఎందుకు వస్తారంటే, పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది కాబట్టి. వెళ్లకపోతే ఆమె ఒక్కతే చీకట్లో కుక్కల మధ్య నడవాలి. ఈస్టర్ కాగానే ఆ కాగితం చింపేస్తాం. పిలిచే గొంతు ఉండదు, పాలు తెచ్చే పని ఉండదు, ఎవరూ మన కోసం ఎదురుచూడరు. అన్నీ ఒకే రోజు తీసేసి, ఉత్సాహం ఎక్కడికి పోయిందని లోపల వెతుక్కుంటాం.

నీ భక్తి మైకు వల్ల వచ్చిందా అని అడిగావు. మనుషుల వల్ల వచ్చింది. అందులో చిన్నతనమేముంది? పునరుత్థానం నాడు ఎమ్మాయు దారిలో కూడా ఇద్దరు శిష్యులు కలిసే నడిచారు.

ఈ ఏడాది నేను ఆ కాగితం తీయనివ్వలేదు. పైన "ప్రతిదినము" అన్నది కొట్టేసి "బుధవారం సాయంత్రం" అని రాశాను. ముగ్గురు పేర్లు ఇచ్చారు. ముగ్గురే. అందులో ఒకావిడ తెల్లవారుజాము ప్రార్థనలకు ఎన్నడూ రాలేదు. పొద్దున పాలు పోసే పని ఆమెది. సాయంత్రమని ఎవరైనా అంటే ఎప్పుడో వచ్చేదాన్ని కదా అంది.

పంతులు_విశ్రాంతి
అమ్మగారూ, సగం ఒప్పుకున్నందుకు సంతోషం. మా ఇంట్లో అంత కూడా దొరకదు.

మీ మాటకు పాత ఆధారం ఒకటి. నల్లగొండలో మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. మన వైపు ఎం.బి. మిషన్‌కు నాంది పలికిన హీబర్ట్ దంపతులు 1899లో వచ్చారు. దొరలు గుడారాలు వేసుకుని ఊళ్లు తిరిగేది చలికాలంలో. గుడారం లేచిపోయాక ఎండల్లో, వానల్లో ఆ ఊళ్లలో పాటలు మరిచిపోకుండా చూసింది స్థానిక ప్రసంగీకులు, ఇల్లిల్లూ తిరిగిన బైబిల్ స్త్రీలు. చరిత్ర పుస్తకాల్లో ఫోటోలు గుడారం వాళ్లవే ఉంటాయి, అది వేరే సంగతి.

గద్వాల_కోడలు
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాస్తున్నాను. మా అత్తవారిది వేరే విశ్వాసం. ఏడాదికి రెండు పండుగలకు మాత్రం పుట్టింటికి పంపి చర్చికి వెళ్లనిస్తారు, అది కూడా వాళ్ల మంచితనమే. కాబట్టి నాకు "పండుగ తర్వాత" అంటే మిగిలిన ఏడాది మొత్తం. పిలిచే మనిషి ఉండాలంటున్నారు పాస్టరమ్మ గారు. లేనివాళ్లు ఏం చేయాలి? నేను రొట్టెలు చేసేటప్పుడు ఒక కీర్తన లోలోపల అనుకుంటాను. 121వ కీర్తన కంఠతా వచ్చు, చిన్నప్పుడు సండే స్కూలులో బహుమతి కోసం నేర్చుకున్నది. పిండి కలపడం మొదలుపెట్టి పెనం ఎక్కించేలోపు అయిపోతుంది. ఒక్కోరోజు ఏమీ అనిపించదు. అనిపించకపోయినా అంటాను.

పాస్టరమ్మ_వనపర్తి
నీకు జవాబు చెప్పే అర్హత నాకు లేదమ్మా. నా మాట నీ వంటివాళ్లకు సరిపోదు. అది ఒప్పుకుంటాను.

ప్రతి_ఆదివారం
చెల్లెమ్మా, ఇంతసేపటి చర్చలో నాకు నచ్చిన పోస్టు ఇదే. పండుగ ఉన్నా లేకపోయినా నడిచేది ఇదే కదా.

కల్లం_కాపలా
మీరంతా నిద్ర గురించి మాట్లాడుతుంటే అసూయగా ఉంది. మాది హాలియా వైపు. ఈస్టర్ సరిగ్గా యాసంగి వరికోతల మధ్యలో పడింది. పొద్దున ఆరాధన ముగించుకుని మధ్యాహ్నానికల్లా కోత యంత్రం వెనక ట్రాక్టరుతో ఉన్నాను. అప్పటి నుంచి కొనుగోలు కేంద్రంలో వడ్ల రాశి పక్కనే నా పడక. తేమ 17 శాతానికి దిగాలి. మబ్బు పడితే పట్టాలు కప్పాలి. లారీ వచ్చేదాకా కదలకూడదు. భక్తి పెరిగిందా తగ్గిందా అని చూసుకునే తీరిక ఎక్కడిది? ఉత్తరం వైపు మెరిస్తే మాత్రం ప్రార్థన దానంతటదే వస్తుంది. పక్క రాశి ఆయన హనుమంతుడి భక్తుడు. మొన్న గాలివానకు ఆయన దండకం, నా కీర్తన ఒకే పట్టా కింద నడిచాయి.

లేవీయకాండం 23లో ఒక లెక్క ఉంది. పస్కా సమయంలో మొదటి పన (కోసిన పైరు కట్ట) అర్పించిన రోజు నుంచి యాభై రోజులు లెక్కపెట్టి అప్పుడు పండుగ చేయమన్నాడు. పెంతెకొస్తు అదే. యవల కోత నుంచి గోధుమ కోత దాకా ఆ యాభై రోజులూ వాళ్లు పొలాల్లోనే ఉన్నారు. పండుగ కాగానే పనిలో పడ్డానని నేనెందుకు సిగ్గుపడాలి? సంచుల తూకం రాసుకునే పుస్తకంలోనే పై మూలన ఈస్టర్ నుంచి ఎన్నో రోజో అంకె వేస్తున్నాను. ఇప్పటికి నా ధ్యానం అంతే.

ప్రతి_ఆదివారం
ఇది వాక్యానుసారంగా ఉంది.

వెనక_వరుస_బేస్
అందరూ గమనించాలి. అన్న ఒక పండుగను ఒప్పుకున్నారు.

పుణె_సైటు_పాలమూరు
మాది మక్తల్ దగ్గర ఊరు. పుణెలో బిల్డింగు పని. పండుగకు ఊరొచ్చి సోమవారం రాత్రి బస్సెక్కాం. బస్సు కదిలిందంటే మాకు పండుగ అయిపోయినట్టే. ఇక్కడ తెలుగు ఆరాధన జరిగే చోటికి వెళ్లి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకని రేకుల షెడ్డులోనే మన వైపు వాళ్లం అయిదారుగురం రాత్రి అన్నాలయ్యాక పాడుకుంటాం. తబలా అంటే బోర్లించిన సిమెంటు బకెట్టు. మాలో చదవడం బాగా వచ్చినవాడు ఒక్కడే. అతను చెల్లెలి పెళ్లికి ఊరెళ్లి నెల దాకా రాలేదు, ఆ నెలంతా ప్రార్థన ఆగిపోయింది. ఎవరికీ భక్తి తగ్గలేదు, చదివే మనిషి లేడు, అంతే. తర్వాత ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకున్నాం. బాగానే ఉంటుంది కానీ, మధ్యలో ఆపి "దీని అర్థం ఏమిటి" అని ఫోనును అడగలేం కదా.

మిర్యాలగూడ_మిల్లు
ఇంత చర్చ ఎందుకు? రోజూ పొద్దున్నే వాక్యం పంపే వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. మా గ్రూపులో పంపిన నిమిషంలో అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు.

పాస్టరమ్మ_వనపర్తి
ఆ బొమ్మ పెట్టినవాళ్లలో నిన్నటి వాక్యం ఎందరికి గుర్తుంది?

మిర్యాలగూడ_మిల్లు
పంపేది నేనే అమ్మగారూ. నాకే గుర్తు లేదు.

జడ్చర్ల_రాత్రి_డ్యూటీ
నర్సుగా ఒక మాట. శ్రమల దినాలు ముగిసే సమయానికి షుగరు ఉన్నవాళ్లు కొందరు కళ్లు తిరుగుతున్నాయంటూ వస్తారు. అడిగితే, ఉపవాసం కదా అని మాత్రలు వాళ్లే తగ్గించుకుని ఉంటారు, లేదా ఏమీ తినకుండా మాత్ర వేసుకుని ఉంటారు. రెండూ ప్రమాదమే. మనసు బరువెక్కిన ప్రతిసారీ కారణం ఆత్మలోనే ఉండనక్కరలేదు. రాణి గారూ, మన ఆడవాళ్లలో రక్తం తక్కువ ఉండటం చాలా మామూలు. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం దాని లక్షణమే. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఇంకొకటి, ఎవరికైనా రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోయి, ఇష్టమైన పనులు కూడా రుచించకపోతే డాక్టరుకు చెప్పాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రతి_ఆదివారం
విశ్వాసికి కలిగే దిగులు ఆత్మీయ పోరాటం. దానికి మోకాళ్లే మందు.

జడ్చర్ల_రాత్రి_డ్యూటీ
దేవదూత ఏలీయాకు రొట్టె పెట్టింది ఒంటికే కదా అన్నా. పంతులు గారి పోస్టు మళ్లీ ఒకసారి చూడండి.

పాస్కా_వత్తి
పైగా ఈ యాభై రోజులు మోకరించకూడదు.

దేవరకొండ_రాణి
అందరి పోస్టులూ మా ఆయనకు చదివి వినిపించాను. క్రికెట్ తమ్ముడి దగ్గర ఒక్కచోటే నవ్వారు.

హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశారు. నర్సు గారికి వందనాలు. పాస్టరమ్మ గారి మాట కూడా ఊరికే పోలేదు. శ్రమల దినాల్లో నన్ను గేటు దగ్గర పిలిచే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమెదీ ఇదే పరిస్థితట. నేను కనబడటం లేదని ఆమె, ఆమె పిలవడం లేదని నేను, ఒకే వీధిలో ఉండి ఇన్ని రోజులు తప్పించుకుని తిరిగాం. ఇంకొక ఇంటావిడ కూడా వస్తానంది. వచ్చే బుధవారం సాయంత్రం మా వరండాలో. ఏమి చదవమంటారు?

పాస్కా_వత్తి
అపొస్తలుల కార్యాలు. ఈ యాభై రోజులూ మా పూజల్లో మొదటి పఠనం అందులోదే.

పంతులు_విశ్రాంతి
మంచి సలహా. 28 అధ్యాయాలు. ఇంట్లో రోజుకొకటి చదువుకుంటూ బుధవారం నాడు మాట్లాడుకుంటే పెంతెకొస్తు నాటికి పూర్తవుతుంది, నాలుగైదు రోజులు మిగులుతాయి కూడా.

వెనక_వరుస_బేస్
ఆ మిగిలిన రోజులు 27వ అధ్యాయానికి ఉంచుకోండి. ఓడ పగిలేచోట అందరూ ఆగిపోతారు.

పాస్టరమ్మ_వనపర్తి
రోజుకొక అధ్యాయమా? పంతులు గారూ, ఆమెకు రక్తం 9.4 అని ఇప్పుడే చెప్పింది. బుధవారానికి ఒక్కటి చాలు. రాణీ, యోహాను 21తో మొదలుపెట్టు. పునరుత్థానుడైన ప్రభువును కళ్లారా చూసిన తర్వాత కూడా పేతురు నేను చేపలు పట్టడానికి పోతున్నానంటాడు. రాత్రంతా వల వేసినా ఒక్కటీ పడదు. తెల్లవారేసరికి ప్రభువు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలుస్తూ ఉంటాడు. పేతురును అడగాల్సినవి అడిగింది భోజనాలయ్యాకే.

పంతులు_విశ్రాంతి
క్రమం అంటూ ఒకటి ఉండాలి కదా అమ్మగారూ. సరే, 21 తర్వాతైనా కార్యాలు మొదలుపెట్టండి.

మిర్యాలగూడ_మిల్లు
బుధవారం ఫలహారం ఏమిటి?

పాస్టరమ్మ_వనపర్తి
ఏమీ వద్దు. ఒకరు మిర్చి బజ్జీ పెడితే, తర్వాతి వారం ఇంకొకరు స్వీటు కూడా పెట్టాలనుకుంటారు. మూడో వారానికి ఖర్చుకు భయపడి మానేస్తారు. టీ పోయండి, చాలు.

కల్లం_కాపలా
లారీ వచ్చింది. మిగతాది కాటా అయ్యాక చదువుతాను.

పుణె_సైటు_పాలమూరు
రాణి అక్కా, ఒక మాట అడగనా? ఆ బుధవారం ఫోను స్పీకరులో పెడితే మేమూ వింటాం. మీలో ఎవరైనా చదివితే మేం మధ్యలో ఆపి అడగవచ్చు. తొమ్మిదింటికి మాకు వీలవుతుంది.

దేవరకొండ_రాణి
తప్పకుండా పెడతాను తమ్ముడూ. తొమ్మిది అంటే ఇక్కడ పిల్లలు పడుకునే సమయం, వాళ్లిద్దరూ ఇళ్లకు వెళ్లిపోతామంటారు. ఎనిమిదికి కుదురుతుందా?

పుణె_సైటు_పాలమూరు
ఎనిమిదికి స్లాబు పని లేని రోజైతే కుదురుతుంది. మంగళవారం రాత్రి మేస్త్రీని అడిగి చెబుతాను.